‘చావని చంటోడు’ నేనే అని నిరూపించుకోడానికి ఐదు వారాలు పట్టింది

నిన్న రాత్రి పదకొండు దాటాక కీ, అంటే నేను డబ్బు కట్టిన వీడియో గేమ్‌ని తెరిచే కోడ్, వచ్చింది. మంట చల్లారకముందే ఇది రాసేస్తున్నాను. ఒకసారి ఆట మొదలుపెట్టానంటే అన్నీ మర్చిపోయి ఆ కంపెనీని మెచ్చుకుంటాను, నా సంగతి నాకు తెలుసు.

చాలా ఏళ్ల కిందట, ఒక పాత రోల్ ప్లేయింగ్ గేమ్‌ని మళ్లీ బతికిస్తానంటూ, దాన్ని మొదట చేసినవాళ్లలో ఒక పెద్దాయన క్రౌడ్‌ఫండింగ్‌కి, అంటే జనం దగ్గర ముందే చందాలు పోగుచేయడానికి, వచ్చాడు. ఆయన పేరూ ఆట పేరూ చెప్పను. వీడియోలో ఆయన గళ్ల కాగితం మీద గీసిన పాత మ్యాప్ ఒకటి తీసి చూపించాడు. అంతే, నా చెయ్యి కార్డు మీదికి పోయింది. డబ్బు కట్టడానికి రెండు నిమిషాలు పట్టింది. అనుకున్న మొత్తం వస్తేనే కార్డులోంచి తీసుకుంటారు, రాకపోతే ఏమీ పోదు. వచ్చింది, తీసుకున్నారు. ఆరేళ్లు ఎదురుచూశాను.

ఆ ఆరేళ్లూ మా ముగ్గురు స్నేహితుల మధ్య ఒకటే గొడవ. ఒకడు భక్తుడు. ఆటలు తయారుచేసిన పాత డెవలపర్ ఎవరైనా సరే, దండం పెడతాడు. ఇంకొకడు అనుమానపు పక్షి. నేను మధ్యలో, డబ్బు కట్టినవాణ్ణి.

భక్తుడి దగ్గర లెక్కలన్నీ ఉంటాయి. 1988 నాటి వేస్ట్‌ల్యాండ్ అనే ఆటకి రెండో భాగం తీస్తానని, దాన్ని చేసినవాళ్లలో ఒకడైన బ్రయాన్ ఫార్గో 2012లో 9 లక్షల డాలర్లు అడిగితే 61 వేల మందికి పైగా కలిసి సుమారు 29 లక్షలు ఇచ్చారు. అదే ఏడాది అబ్సిడియన్ అనే ఆటల కంపెనీ 11 లక్షలు అడిగితే దాదాపు 40 లక్షలు వచ్చాయి, అదే పిల్లర్స్ ఆఫ్ ఇటర్నిటీ. ‘ఆలస్యమైతే అయింది, ఆట వచ్చిందా లేదా? ఆటలకి పెట్టుబడి పెట్టే పబ్లిషర్లని నమ్ముకుంటే ఈ రకం ఆటలు ఎప్పుడో చచ్చిపోయేవిరా’ అంటాడు. ఆ మాట నిజమే.

అనుమానపు పక్షి 2012 అక్టోబర్‌లో షేకర్ అనే ఆట కోసం జరిగిన చందాల ప్రచారాన్ని గుర్తుచేస్తాడు. బ్రెండా బ్రాత్‌వెయిట్, టామ్ హాల్ ఇద్దరూ కాకలు తీరినవాళ్లే. కానీ ఏం ఆట చేస్తారో జనానికి సరిగ్గా చెప్పలేకపోయారు, గడువు ముగియకముందే వాళ్లే ప్రచారం ఆపేసుకున్నారు. తర్వాత అండర్‌వరల్డ్ అసెండెంట్ సంగతి ఎత్తుతాడు. 1992లో అల్టిమా అండర్‌వరల్డ్ చేసిన పాల్ న్యూరాత్ పేరు చూసి జనం డబ్బు పెట్టారు, 2018లో ఆట వచ్చాక తలపట్టుకున్నారు. ‘పేరు ముప్ఫై ఏళ్ల కిందటిది, కోడ్ రాసేవాడు నిన్న చేరినవాడు’ అని వాడి వాదన.

వాడు ఒక్కసారే నోరు మూసుకున్నాడు. సుయికోడెన్ ఆటల సృష్టికర్త యోషిటాకా మురాయామా 2020లో చందాలతో మొదలుపెట్టిన ఎయుడెన్ క్రానికల్ 2024 ఏప్రిల్‌లో విడుదలైంది. ఆయన ఫిబ్రవరిలోనే పోయారు. ఆ రోజు ముగ్గురం వాదించుకోలేదు.

నా మాట అడిగితే, పెద్దాయన మొహం చూసి డబ్బు ఇవ్వకండి. చేతిలో ఏముందో చూడండి. లారియన్ కంపెనీ వాళ్లు 2013లో అడిగేనాటికే డివినిటీ ఒరిజినల్ సిన్ ఆట చాలావరకు తయారైపోయి ఉంది. అడిగింది 4 లక్షల డాలర్లు, వచ్చింది 9 లక్షలు దాటింది, మరుసటి ఏడాదే ఆట విడుదలైంది. అలా ఆడి చూపించగలిగినవాడికి ఇవ్వచ్చు. గళ్ల కాగితానికి ఇచ్చినవాణ్ణి చెబుతున్నాను.

ఇక అసలు కథ. ఆట వచ్చింది. డబ్బు కట్టినవాళ్లకి సర్వే మెయిల్ పంపామని, అది నింపితే కీ వస్తుందని ప్రకటించారు. నాకు రాలేదు. స్పామ్ వెతికాను. అందులోనూ లేదు. అప్పుడు వెలిగింది: నేను డబ్బు కట్టింది పాత ఆఫీసు మెయిల్‌తో. ఆ ఉద్యోగం మానేసి నాలుగేళ్లయింది, మెయిల్ ఎప్పుడో మూసేశారు. (ఆఫీసు మెయిల్‌తో సొంత పనులు చేసుకోకండి. దీన్ని పచ్చబొట్టు పొడిపించుకోండి.)

సపోర్ట్ వాళ్లకి రాశాను. ఆరు రోజులకి జవాబు: ‘ధ్రువీకరణ కోసం రిజిస్టర్ చేసిన మెయిల్ నుంచి రాయండి.’ ఆ మెయిల్ ఇప్పుడు లేదని రాశాను. మళ్లీ అదే జవాబు, అక్షరం తేడా లేకుండా. పోయినవాడి చేత సంతకం పెట్టించుకు రమ్మన్నట్టుంది. మూడోసారి కాస్త ఘాటుగా రాస్తే మనిషన్నవాడు దిగొచ్చాడు. మూడు సంగతులు అడిగాడు: కట్టిన మొత్తం, కార్డు చివరి నాలుగు అంకెలు, క్రెడిట్స్‌లో (ఆటలో చూపించే పేర్ల పట్టీలో) వేయమన్న పేరు.

కార్డు మారి రెండు తరాలైంది. పాత స్టేట్‌మెంట్ తవ్వితే అంకెలు దొరికాయి. మొత్తం మాత్రం అందులో నా కరెన్సీలో ఉంది, వాళ్లకి డాలర్లలో కావాలి. ఆనాటి మారకం రేటు వెతికి లెక్క కడితే ఒకటిన్నర డాలర్ తేడా వచ్చింది. దానికో ఉత్తరం.

మూడోది నా కొంప ముంచింది.

1999 నాటి ప్లేన్‌స్కేప్ టార్మెంట్‌లో హీరోకి చావు లేదు, తన పేరు కూడా గుర్తులేదు. ఆ ఆటని నేను ఏ గైడూ చూడకుండా పూర్తిచేశాను, ఇది ఎక్కడైనా చెప్పుకుంటాను. అప్పట్నుంచి మావాళ్లు నన్ను ‘చావని చంటోడు’ అంటారు. పదిహేను డాలర్లు ఎక్కువ కడితే క్రెడిట్స్‌లో పేరు వేస్తామంటే ఆ ఊపులో అదే ఇచ్చాను. ఇచ్చానని గుర్తుంది. ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా రాశానన్నదే గుర్తులేదు. ‘చా’కి ఒక ఏ పెట్టానా, రెండా? ‘టో’కి ఒక ఓ చాలనుకున్నానా? చివర యూ పెట్టానా, రెండు ఓలు పెట్టానా?

మొదటి స్పెల్లింగ్ పంపాను. సరిపోలేదన్నారు. రెండోది. సరిపోలేదు. మూడోది పంపితే, భద్రత దృష్ట్యా వారం పాటు నా అభ్యర్థన నిలిపేశారు. నా పేరు నేను మూడుసార్లు తప్పు చెప్పానట!

వారం తర్వాత ఇంకొకరు వచ్చారు. ఇది మీ చట్టబద్ధమైన పేరేనా, అయితే గుర్తింపు కార్డు జతచేయండి అన్నారు. కాదండీ, అది మా భాషలో సరదాగా పెట్టుకున్న పేరు అని వివరించాల్సి వచ్చింది. చావు అంటే ఇది, చంటోడు అంటే చిన్నపిల్లాడు అని మర్యాదగా, ఒక పేరా నిండా ఇంగ్లీషులో రాశాను. రెండు రోజులకి జవాబు వచ్చింది: ‘వివరించినందుకు ధన్యవాదాలు. మీ బిడ్డ విషయం తెలిసి చాలా బాధపడ్డాం.’

నాకు పిల్లలు లేరు. ఆ మెయిల్‌కి ఏం జవాబివ్వాలో తెలియక ఒక పూటంతా కూర్చున్నాను. బాధగా ఉందన్నారు, కీ మాత్రం ఇవ్వలేదు.

భక్తుడితో అప్పటికి రెండు నెలలుగా మాటల్లేవు. ఆట ఆలస్యం గురించి నేనేదో అంటే ‘నువ్వు దుకాణంలో సరుకు కొన్నట్టు మాట్లాడుతున్నావు, నీకు ఆట మీద ప్రేమ లేదు’ అన్నాడు. ఈ అభిమానులతో ఇదే తంటా. ప్రశ్న అడిగితే ద్రోహి అంటారు, ఆ అండ చూసుకునే సపోర్ట్ వాళ్లు ఇలా తయారవుతారు. అయినా గతిలేక వాడికే ఫోన్ చేశాను. వాడికి కీ మొదటిరోజే వచ్చింది.

‘ఒరేయ్, నీ ఆటలో క్రెడిట్స్ తెరిచి నా పేరు ఎలా ఉందో చూడవూ?’

వెక్కిరిస్తాడనుకున్నాను. వెక్కిరించలేదు. వేల పేర్లు, ఆపడానికి లేదు, వెతకడానికి లేదు, వాటంతటవి పైకి జారిపోతుంటాయట. నలభై నిమిషాలు తెర ముందు కూర్చుని ఫోటో తీసి పంపాడు. ‘చా’కి మూడు ఏలు. మూడు! చివర రెండు ఓలు. కింద వాడి మాట: ‘ఏం తాగి రాశావురా?’

అది పంపాను, ఎనిమిది గంటల్లో కీ వచ్చింది. క్షమాపణ ఏమీ లేదు.

పెట్టె, అట్టమీద అచ్చువేసిన మ్యాప్ ఇంకా రావాలి. చిరునామా ఇచ్చే గడువు దాటిపోయింది కాబట్టి రవాణా ఖర్చు మళ్లీ కట్టమన్నారు. అనుమానపు పక్షికి చెప్పకండి, పొద్దున్నే కట్టేశాను.