డొక్కల మధ్య పది నెలలు

మా బ్యాండుకి పేరు లేదు. పెట్టడానికి నాలుగుసార్లు కూర్చున్నాం, నాలుగుసార్లూ దెబ్బలాడుకునే లేచాం. ఊళ్లోవాళ్లు మాత్రం 'కొబ్బరికొట్టు కుర్రాళ్లు' అనేవారు. 1996 సంక్రాంతికి మొదలై, ఆ నవంబరుకి అయిపోయింది.

మాకు గిటారు చర్చి నుంచి వచ్చింది. మా గిటారిస్టు వాళ్ల నాన్నగారు పాస్టరు. ఆదివారం కీర్తనలకి వాయించే గివ్‌సన్ గిటారే సోమవారం నుంచి మాది. దానికి తీగల మోత పట్టి ఆంప్లిఫయర్‌కి పంపే పికప్ ఒకటి బిగించి, పెళ్లిళ్లకి అద్దెకిచ్చే ఆంప్లిఫయర్‌కి తగిలించి, వాల్యూమ్ చివరిదాకా తిప్పేవాళ్లం. అది బొంగురుపోయేది. మాకు కావలసిందీ అదే. డ్రమ్మరు బ్యాండు మేళంలో కొట్టేవాడు. కాలి పెడల్ వెల్డింగ్ షాపులో చేయించుకున్నాడు. బేస్ గిటారు చూసిన పాపాన పోలేదు గనక, నేను ఓ పాత గిటారుకి సన్న తీగలు మూడూ పీకేసి, లావు తీగలు కాస్త వదులు చేసి అదే బేస్ అనుకున్నాను. పాడేది మా మేనత్త కొడుకు. కొట్టు వాళ్లదే.

రాక్ నేర్పింది ఒకే ఒక్క క్యాసెట్టు, ఓ అమెరికన్ రాక్ బ్యాండుది. కాకినాడలో ఓ షాపాయన 'నిర్వాణ' అన్న పేరు చూసి భక్తి పాటల అరలో పెట్టాడు. అందులో ఆ హోరుకి మూలం పవర్ కార్డని తెలియడానికి నెల పట్టింది. తీరా చూస్తే అది మన స, ప. అంతే. అంత బొంగురు మీద గాంధారం కూడా కలిపితే ముద్దయిపోతుంది.

ఆ కొట్టులో మేం బ్రహ్మాండంగా వినిపించేవాళ్లం. అది మా గొప్ప అనుకున్నాం. మూడు గోడల ఎత్తునా కొబ్బరి డొక్కలు, అంటే కాయ ఒలిచిన పీచు తొక్కలు, పేర్చి ఉండేవి. రేకుల షెడ్డులో మోగాల్సిన మోతంతా అవే పీల్చుకునేవి. దసరా ముందు మావయ్య వాటిని పీచు మిల్లుకి తోలించేశాడు. ఆ సాయంత్రం వాయిస్తే బావ పాడే మాట ఒక్కటీ అర్థం కాలేదు.

దసరా పందిట్లో మా మొదటి, ఆఖరి ప్రోగ్రాం. మా సొంత పాట, గోదారి దాటించే ఆఖరి పంటు తప్పిపోయి రేవులో రాత్రంతా కూర్చున్నవాడి పాట, ఎత్తుకున్నాం. అప్పటికింకా యెదుర్లంక వంతెన లేదు, అందరికీ తెలిసిన బాధే కదా అనుకున్నాం. మూడో పాట కూడా అయ్యాక ముందు వరసలో పెద్దాయన, "మైకు సరిచేసుకోవడం అయ్యిందాండీ? ఇంక పాటలెట్టండి" అన్నారు.

నవంబరు 6 రాత్రి తుపాను. కొట్టు రేకులు ఎక్కడో చేలో తేలాయి. మావయ్య తోటలో నిలబడ్డ చెట్లు వేళ్ల మీద లెక్కెట్టచ్చు. కొత్త మొక్క కాపుకి రావాలంటే ఆరేడేళ్లు. బావ కువైట్ వెళ్లిపోయాడు. కరెంటు వచ్చేసరికి వాయించాలన్న ఊసే ఎవరూ ఎత్తలేదు.

డొక్కలుండగా టేప్ రికార్డర్‌లో పట్టిన రెండు పాటలు మిగిలాయి. మొన్న ఫోన్లోకి ఎక్కించి డ్రమ్మరుకి పంపాను. ఇప్పుడతనికి ఆక్వా మేత వ్యాపారం. పాట వెనకాల ఒలుపు చప్పుడు, డొక్క విడిపోయి కాయ రాశిలో పడుతున్న దెబ్బ, వినిపిస్తూనే ఉంటుంది. విని వెంటనే ఫోన్ చేశాడు.

"ఒరేయ్, మన నలుగురం తలో దారీ పోయాం గానీ, ఆ ఒలిచేవాడు ఒక్క తాళం తప్పలేదురా."