బాపు యెజ్డీ, నా పౌడర్ కోటింగ్

నిన్న మధ్యాహ్నం ఆర్‌సీ కార్డు పోస్టులో వచ్చింది. దానికోసం పడ్డ తిప్పల మీద కోపం చల్లారకముందే రాసేస్తున్నా. నాలుగు రోజులు ఆగితే నేనే నవ్వేసి మర్చిపోతాను.

బండి మా బాపుది, అంటే నాన్నది. 1983 యెజ్డీ రోడ్‌కింగ్ మోటార్‌సైకిల్, మైసూరు ఐడియల్ జావా వాళ్లు చేసింది, ఏపీ 9 సిరీస్ పుట్టకముందు నంబరు. 2006లో ఉప్పల్ ఇంట్లో మెట్ల కిందకి తోశాం. దాని మీద పాత పరుపు, పరుపు మీద కూలర్ గడ్డి, గడ్డి మీద ముగ్గు డబ్బాలు. ఆ కంపెనీ 1996లోనే మూతపడింది. 2022లో అదే పేరుతో వచ్చినవి ఫోర్ స్ట్రోక్ బండ్లు, ఇది పెట్రోల్‌లోనే ఆయిల్ కలిపి పోసే టూ స్ట్రోక్, వాటి సామాను దీనికి పనికిరాదు. సిగ్నల్ దగ్గర పిల్లలు "అన్నా, కొత్త మోడలా?" అని అడిగితే జవాబు చెప్పడం మానేశాను.

ఇంజన్ పట్టేసి ఉంది. ప్లగ్గు తీసి డీజిల్, ఆయిల్ కలిపి పోసి మూడు రోజులు వదిలేస్తే, నాలుగో రోజు టాప్ గేరులో వెనక చక్రం అటూఇటూ ఊపుతుంటే వదిలింది. ట్యాంకులో తుప్పుకి తెల్ల వెనిగర్, గుప్పెడు నట్లు, రెండు రోజులు, బోలెడంత ఊపుడు. తర్వాత వంట సోడా నీళ్లతో కడిగి, ఆరగానే లోపలంతా 2టీ ఆయిల్ (టూ స్ట్రోక్ బండ్లకి పోసేది) తిప్పాలి. లేకపోతే తెల్లారేసరికి మళ్లీ తుప్పు. ప్లగ్గుకి స్పార్కు పంపే కాంటాక్ట్ పాయింట్ల గ్యాప్ 0.4 మిల్లీమీటర్లు. పాత రబ్బరు పైపులు మొహమాటం లేకుండా పారేయండి, ఇప్పటి పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్‌కి అవి ఆగవు.

స్టార్టయ్యాక తెల్ల పొగ వీధంతా కమ్మింది. పక్కింటావిడ దోమల మందు బండి అనుకుని కిటికీలు మూసుకుంది. పాతబస్తీ నుంచి ఒక మెకానిక్ ఉస్తాద్ వచ్చి పొగ వాసన చూసి "క్రాంక్ సీల్ గయా సాబ్, గేర్ ఆయిల్ పీరా" అన్నాడు. క్రాంకు దగ్గర ఆయిల్‌ని ఆపే రబ్బరు సీళ్లు ఎండి గట్టిపడితే గేర్‌బాక్స్ ఆయిల్ క్రాంకులోకి వెళ్లి కాలుతుంది. ఇంజన్ విప్పి రెండు సీళ్లూ మార్చాడు, పొగ పోయింది. లీటరు పెట్రోల్‌కి 40 మిల్లీలీటర్ల ఆయిల్ అని ఆయన లెక్క, నేనూ అదే పోస్తున్నా. పాత సామాన్లమ్మే జుమ్మేరాత్ బజార్‌లో వెనక లైటు అద్దానికి 900 చెప్పినవాడి దగ్గర 300కి తెచ్చానని కూడా ఇక్కడే చెప్పుకోనివ్వండి.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇక్కడ నాకు తెలివి ఎక్కువైంది.

ఫ్రేమ్‌కి మామూలు పెయింట్ ఎందుకు, పౌడర్ కోటింగ్ వేయిద్దామనుకున్నాను. బాపు "నల్ల రంగు డబ్బా తెచ్చి బ్రష్ కొట్టుకోరా" అన్నాడు. వినలేదు. ఒక షెడ్డు వాడికి ఇచ్చాను. ఇసుకతో బ్లాస్టింగ్ చేసి, పౌడర్ చల్లి, కొలిమిలో కాల్చి ఇచ్చాడు. అద్దంలా వచ్చింది. అందులో ముఖం చూసుకుని మురిశాను కూడా.

ఆర్‌సీ గడువు 2008లోనే అయిపోయింది. పదిహేనేళ్లు దాటిన బండికి ఫారం 25 పెట్టి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి, గ్రీన్ ట్యాక్స్ కట్టాలి. ఫీజులు 2022 ఏప్రిల్‌లో పెంచారు, ఇరవై ఏళ్లు దాటినవాటికి 2025లో మళ్లీ పెంచారు, ఆలస్యానికి వేరే వాత. వింటేజ్ కింద పెట్టుకోమని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. దానికి బండికి యాభై ఏళ్లు నిండాలి, ఫీజు 20,000, పైగా రోజూ నడపడానికి లేదు. సలహాలకేం, ఊరికే వస్తాయి.

ట్రాలీ మాట్లాడి బండిని ఆర్‌టీఏ ఆఫీసుకి తీసుకెళ్లాను. సంతకం కావాలంటారేమోనని బాపుని కూడా. ఆయనకి డెబ్బై ఎనిమిది. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ కుర్రాడే, మర్యాదగానే మాట్లాడాడు. గొంతుకూర్చుని, ఫోన్ లైటు వేసి, హ్యాండిల్ కింద మెడ దగ్గర వేలితో తడిమాడు. ఇంకోసారి తడిమాడు.

"ఛాసిస్ నంబర్ ఏదండీ?"

నేను వంగి చూశాను. అక్కడ నా ముఖం తప్ప ఏమీ లేదు. పంచింగ్ గుంటల్లో పౌడర్ నిండిపోయి నున్నగా ఉంది.

"గ్రైండ్ చేశారా?" అన్నాడు, గొంతు పెంచి. లైసెన్స్ టెస్టుకి వచ్చిన పిల్లలందరూ తిరిగి చూశారు. కోటింగ్ సార్, కింద ఉంది సార్ అంటున్నాను. "కింద ఉందో లేదో నాకెట్ల తెలుస్తది? నంబర్ లేని బండి అంటే ఏంటిదో తెలుసా?" ఆ మాట పూర్తి చేయలేదు గానీ, వింటున్న అందరికీ అర్థమైంది. ఇరవై ఆరేళ్లు ఒక్క చలానా లేకుండా ఉద్యోగం చేసిన మనిషిని, నలభై మంది ముందు దొంగ బండి తెచ్చినవాడిలా నిలబడ్డాను. సిమెంట్ బెంచీ మీద నుంచి బాపు అందరికీ వినపడేలా అన్నాడు: "చెప్పిన గదరా, బ్రష్ కొట్టుకొమ్మని."

గేటు బయట ఒక ఏజెంట్ పట్టుకున్నాడు. ఐదు వేలిస్తే అదే నంబరు మళ్లీ పంచ్ కొట్టిస్తాడట, "అందరూ చేసేదే సార్." ఆఫీసు అనుమతి లేకుండా పంచ్ కొట్టిస్తే మంచి బండిని మన చేతులతో దొంగ బండి చేసుకున్నట్టే. ఇలాంటి వాళ్లకి డబ్బులిచ్చేది మనమే, వ్యవస్థ పాడైందని తిట్టేదీ మనమే.

ఇంటికొచ్చి థిన్నర్‌తో గంటసేపు రుద్దాను. పౌడర్ కోటింగ్‌కి థిన్నర్ అంటే లెక్కే లేదు, గుడ్డ మాత్రం తెల్లగా అలాగే ఉంది. ఇసుక కాగితం పెడదామా అనిపించింది. పెట్టి ఉంటే నంబరు నిజంగానే అరిగిపోయేది. ఉస్తాద్‌కి ఫోన్ చేస్తే బాగా తిట్టి, పెయింట్ రిమూవర్ తెమ్మన్నాడు. రాణీగంజ్‌లో దొరికింది. గ్లవుజులు తప్పనిసరి, వాకిట్లోనే చేయాలి, ఆ ఘాటుకి కళ్లు మండుతాయి. చుట్టూ టేపు వేసి, బ్రష్‌తో దట్టంగా పూసి, ప్లాస్టిక్ కవర్ కప్పాను. ఇరవై నిమిషాలకి కోటింగ్ అప్పడంలా పొంగింది. ఐస్‌క్రీం పుల్లతో గీకి, పాత టూత్ బ్రష్‌తో తోమితే ఒక్కో అంకె బయటపడింది. చివరి నుంచి రెండోది మూడో, ఎనిమిదో తేలలేదు. అమ్మ టాల్కమ్ పౌడర్ డబ్బా తెచ్చి చేతిలో పెట్టింది. చిటికెడు రుద్ది తుడిచాను. గుంటల్లో తెల్లగా నిలిచింది. ఎనిమిది. ఆర్‌సీ పుస్తకంలో ఇంకుతో రాసినదీ ఎనిమిదే.

తుప్పు పట్టకుండా దాని మీద మా ఆవిడ రంగులేని గోళ్ల పాలిష్ రెండు పూతలు వేశాను.

రెండోసారి వెళ్తే అదే ఇన్‌స్పెక్టర్. టేపు, పెన్సిల్‌తో ప్రింట్ తీసుకుని నిమిషంలో తేల్చేశాడు. స్టార్ట్ చేయమని హోంగార్డుకి చెప్పాడు. అతను బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు, కిక్కు కనపడక. యెజ్డీలో గేర్ రాడ్డే కిక్ రాడ్డు, లోపలికి నొక్కి పైకి తిప్పాలి. నేను కాసేపు వెతకనిచ్చాను. తర్వాత వెళ్లి రెండో కిక్కుకి లేపాను. పిల్లలు మళ్లీ తిరిగి చూశారు, ఈసారి ఫోన్లు పట్టుకుని.

ఆ మెడ దగ్గర ఇప్పుడు అగ్గిపెట్టెంత మేర బోడి ఇనుము కనపడుతోంది. అది కూడా టచప్ చేయించమని కోటింగ్ షెడ్డు వాడు నిన్న ఫోన్ చేశాడు, ఫ్రీగానేనట. నంబరు బ్లాక్ చేశాను.