ఆడ గుర్రం మాటిమాటికీ మూత్రం పోస్తుంటే

మా విజయనగరం వైపు పెళ్లి ఊరేగింపులకి ఆడ గుర్రాలు పెంచేవాళ్లకి ఒక మాట చెప్పాలి. కొంచెం కొంచెంగా మాటిమాటికీ మూత్రం పోస్తుంటే ఎదకొచ్చిందిలే అని వదిలేయకండి. ఎదలోనూ అలాగే పోస్తుంది, నిజమే, కానీ అప్పుడు నొప్పి ఉండదు. మూత్రంలో ఇన్ఫెక్షనైతే ముక్కుతుంది, తోక విసురుతుంది, పోయడం అయిపోయాక కూడా కాళ్లు ఎడంగా పెట్టి అలాగే నిలబడిపోతుంది.

వెనక కాళ్ల లోపలివైపు చెయ్యి పెట్టి చూడండి. ఎప్పుడూ తడిగా ఉండి, వెంట్రుకలు ఊడి, చర్మం ఎర్రగా ఒరిసిపోయి ఉంటే మూత్రం చుక్కలుగా కారుతోందేమో అనుమానించాలి. మూత్రం చిక్కగా, మసకగా ఉందని మాత్రం టెన్షన్ పడకండి, గుర్రాలకి అది మామూలే, అందులో కాల్షియం కార్బొనేట్ ఎక్కువ.

రక్తం కనిపించినా, మేత మానేసినా ఆ రోజే పశువుల డాక్టర్‌కి చూపించండి. మూత్రాశయంలో రాళ్లున్నా ఇవే లక్షణాలు, అందుకే పరీక్ష చేయించకుండా మెడికల్ షాపు యాంటీబయాటిక్ వేయొద్దు, దయచేసి.