పసుపు మంట

ఈసారి గుంటూరు వచ్చిన రెండో రోజే, బ్రాడీపేటలో మా పక్కింటి పిన్నిగారు కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చారు. ఆ పిల్లకి టొరంటోలో సీటొచ్చింది. ఏమేం సర్దుకోవాలో నన్నడిగి రాసుకుందామని. నేను నోరు తెరిచేలోపే అమ్మ అందుకుంది: "పచ్చళ్ళ సంగతి తర్వాత చూద్దాం గానీ, ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడు గోడకి తెల్ల డబ్బా ఉందో లేదో చూసుకో తల్లీ. ఉంటే దాని వెనకాల తారీఖు చూసుకో." పిన్నిగారు వైఫై డబ్బా అనుకున్నట్టున్నారు, తలూపారు.

అమ్మ ఈ కథ సగం వీధికి చెప్పేసింది. ఆవిడ కథలో మమ్మల్ని కాపాడింది సత్యనారాయణస్వామి. నా కథలోనూ ఆయనకి కొంత వాటా ఉంది, కాదనను.

2022 నవంబరులో, డెట్రాయిట్ పక్క ఊళ్ళో మాకు పాప పుట్టింది. పురుడు పొయ్యడానికి అమ్మ వచ్చింది. నాది కాంట్రాక్టు ఉద్యోగం. అక్కడి చట్టం కాన్పుకి 12 వారాల సెలవంటుంది గానీ జీతం ఇవ్వమనదు, ఆ సెలవైనా ఒకేచోట ఏడాది పనిచేసినవాళ్ళకే. నాకు అప్పటికి తొమ్మిది నెలలే. ఆరో వారం దాటగానే లాప్‌టాప్ తెరిచాను. మీటింగుల్లో పిల్ల ఏడుపు వినపడకుండా బేస్‌మెంట్‌లో బల్ల వేసుకున్నా, సరిగ్గా ఫర్నేస్ పక్కన. వెచ్చగా ఉంటుంది కదాని.

ఫర్నేస్ అంటే బీరువా అంత ఇనప డబ్బా. లోపల గ్యాస్ మంట. ఆ మంట, దాని పొగ ఒక రేకు గొట్టాల్లో తిరిగి ఇంటి బయటికి పోతాయి. ఆ రేకు పైనుంచి ఫ్యాను గాలిని తోస్తే, వేడెక్కిన గాలి గదుల్లోకి వస్తుంది. పొగకీ మనం పీల్చే గాలికీ మధ్య ఉన్నదల్లా ఆ పల్చటి రేకు. దాన్ని హీట్ ఎక్స్‌ఛేంజర్ అంటారు. ఏళ్ళ తరబడి వేడెక్కి, చల్లారి, వేడెక్కి, చల్లారి చివరికి ఎక్కడో చీలుతుంది. ఫిల్టర్ మార్చకపోతే గాలి ఆడక ఇంకా తొందరగా.

మా దాని మీద చీటీలో 2001 అని ఉంది. డబ్బాకి చిన్న అద్దం ఉండేది. ఫ్యాను తిరగడం మొదలవగానే అందులో మంట పసుపుగా రెపరెపలాడేది. కోడ్ కంపైల్ అయ్యేదాకా దాన్నే చూస్తూ కూర్చునేదాన్ని, కార్తీక దీపంలా ఉందనుకుంటూ. వంటింటి పొయ్యిలో మంట నీలంగా ఉండాలని, పసుపు తిరిగితే గిన్నెల అడుగులు మసిబారతాయని అమ్మకి తెలుసు. ఒక్కసారి చూసినా పట్టేసేది. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ కిందికి దిగలేదు.

పైన ఆవిడ రాజ్యం వేరు. బాలింతకి చలిగాలి తగలకూడదు. నా చెవుల్లో దూది, కిటికీ సందుల్లో తువ్వాళ్ళు. థర్మోస్టాట్ 68 నుంచి 78 ఫారెన్‌హీట్‌కి ఎక్కింది. బయట మైనస్ 15 సెల్సియస్, లోపల ఫర్నేస్‌కి క్షణం తీరిక లేదు. పిల్లకి నీళ్ళు పోశాక సాంబ్రాణి వేస్తే స్మోక్ అలారం మూడేసి కూతలు కూసేది. మా ఆయన కుర్చీ ఎక్కి తువ్వాలుతో విసిరేవారు.

డిసెంబరు చివరికల్లా నాకు రోజూ తలనొప్పి. నిద్ర చాలక అనుకున్నా. "కారం పొడి తినమంటే తినవు, బాలింత వాతం" అంది అమ్మ. ఆవిడకీ తల దిమ్ము, వికారం. అది చలికి పడకట. మా ఆయనకి మాత్రం ఏమీ లేదు, రోజూ ఆఫీసుకి వెళ్ళేవారు మరి. కోవిడ్ రోజుల్లో కొన్న ఆక్సీమీటర్ తీసి అందరి వేళ్ళకీ పెట్టి చూశారు. 98. ధైర్యం వచ్చింది. రక్తాన్ని పట్టుకున్నది ఆక్సిజనో, గ్యాస్ సరిగ్గా కాలక పుట్టే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువో ఆ బుల్లి క్లిప్పుకి తేడా తెలియదని తర్వాత డాక్టరు చెప్పారు. మోనాక్సైడ్ రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్‌కంటే 200 రెట్లు పైన గట్టిగా అంటిపెట్టుకుంటుందట.

పాప మాత్రం రాత్రిళ్ళు లేవడం మానేసింది. "చూశావా, ఎంత బుద్ధిగా నిద్రపోతోందో" అని అమ్మ మురిసిపోయింది. ఆ మాట ఇప్పటికీ అప్పుడప్పుడు నాకు నిద్రలో వినపడుతుంది.

సంక్రాంతి ముందు ఆదివారం, అక్కడే ఉండే తెనాలివాళ్ళ ఇంట్లో సత్యనారాయణ వ్రతం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అక్కడే ఉన్నాం. కథ అయ్యేసరికి అమ్మ తలనొప్పి మాయం. "స్వామి మహిమ" అని ప్రసాదం కళ్ళకద్దుకుంది. నాకూ లేదన్నాను. ఆ ఇంటాయన గిన్నె పక్కన పెట్టి, "ఇంట్లో ఉంటేనే వస్తోందా, అందరికీనా? మీ మోనాక్సైడ్ డిటెక్టర్ పనిచేస్తోందా?" అని అడిగారు. మేమిద్దరం మొహాలు చూసుకున్నాం. గోడకున్న ఆ తెల్ల డబ్బా సెప్టెంబరులో నిమిషానికోసారి కీచుమంటుంటే బ్యాటరీ అయిపోయిందని మా ఆయన ఊడదీసి సొరుగులో పడేశారు. అయిపోయింది బ్యాటరీ కాదు, దాని ఆయుష్షు. తారీఖు వెనకే రాసుంది.

ఆయన తమ దగ్గరున్న కొత్త డబ్బా చేతిలో పెట్టి, ఇంటికెళ్ళగానే పెట్టమన్నారు. పెట్టిన గంటకి కూసింది. నాలుగు కూతలు, కాస్త ఆగి మళ్ళీ నాలుగు. "ఇప్పుడెవరు వేశారే సాంబ్రాణి?" అంది అమ్మ పక్కగదిలోంచి.

పాపని రజాయిలో చుట్టుకుని మంచులో కారు దాకా పరిగెత్తి 911కి ఫోన్ చేశాం. ఫైర్ వాళ్ళు మీటర్ పట్టుకుని పైగదుల్లోకి వెళ్తే, గాలిలో పది లక్షల పాళ్ళకి 90 పాళ్ళు మోనాక్సైడ్ చూపించింది. బేస్‌మెంట్‌లో ఎంతో వాళ్ళు నాకు చెప్పలేదు, మా ఆయనకి చెప్పారు. ఆ రాత్రి ఆసుపత్రిలో ముగ్గురికీ ఆక్సిజన్. రెండు నెలల మొహానికి సరిపడేంత చిన్న మాస్క్ కూడా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. ఓ గంటకి పాప గట్టిగా, చెవులు చిల్లులు పడేలా ఏడ్చింది. అమ్మ కూడా.

ఇంటి ఓనర్ మనవాడే, మన జిల్లానే. అందుకే అక్టోబరులో ఫర్నేస్ అంటుకునేటప్పుడు గుప్పుమని చప్పుడొస్తోందని చెప్పినా, "ఫిల్టర్ మార్చుకోండమ్మా" అంటే గట్టిగా అడగలేకపోయాం. మనవాళ్ళతో గొడవెందుకని, లీజు మళ్ళీ రాయించుకోవాలని, వీసా మీద ఉన్నవాళ్ళమని. ఈసారి కూడా "నాలుగు రోజులు ఓపిక పట్టండి, తెలిసిన కుర్రాడు వచ్చి వెల్డింగ్ చేస్తాడు" అన్నాడు. ఆ రేకుకి అతుకులు వెయ్యరు, మార్చడమే. కానీ గ్యాస్ కంపెనీ మనిషి రాత్రే వాల్వ్ కట్టేసి, ఫర్నేస్‌కి ఎర్ర చీటీ కట్టి పోయాడు. ఆ చీటీ ఉండగా ఏ కుర్రాడూ ముట్టుకోడు. మా మొహమాటం చెయ్యలేని పని ఆ అట్టముక్క చేసింది. ఆరో రోజుకి కొత్త ఫర్నేస్ వచ్చింది. అప్పటిదాకా తెనాలివాళ్ళింట్లోనే ఉన్నాం.

అమ్మకి అన్నిటికంటే అర్థం కానిది ఒక్కటే. "గ్యాస్ అయితే వాసన రావాలిగా?" కాలని గ్యాస్‌కి వాసన కలుపుతారు, సరిగ్గా కాలక పుట్టే మోనాక్సైడ్‌కి వాసన ఉండదు అని ఎన్నిసార్లు చెప్పానో. చివరికి, "అమ్మమ్మ కుంపటి పెట్టిన గదికి తలుపు బిగించనిచ్చేదా?" అంటే టక్కున ఆగింది. "అదా ఇది" అంది.

అర్థమైందనే అనుకున్నా. పిన్నిగారికి క్లాసు చెప్పిన మర్నాడు స్నానానికి వెళ్తే, బాత్రూంలో కొత్త గ్యాస్ గీజరు. తమ్ముడు దీపావళికి బిగించాడట. పొగ పోయే గొట్టం లేదు. పైనున్న వెంటిలేటర్‌కి పుల్లారెడ్డి స్వీట్ల అట్టపెట్టె మూత, చుట్టూ టేపు.

"ఇదేందమ్మా?"

"దోమలే! నువ్వు మరీను. ఇది అమెరికా గ్యాసు కాదుగా, మన సిలిండరే. లీకైతే వాసనొస్తుంది."

ప్లంబర్ గీజరుని బయట గోడకి మారుస్తానన్నాడు గానీ కనుమ తర్వాతేనట. అప్పటిదాకా పొయ్యి మీద నీళ్ళు కాచుకుంటున్నాం. వెంటిలేటర్‌కి నైలాన్ జాలీ కొట్టించాను. ఆ అట్ట మాత్రం అమ్మ పారెయ్యలేదు, బీరువా వెనక దాచింది. భోగి తెల్లవారుజామున పాప చేతికిచ్చి మంటలో వేయించాను. స్వీట్ల పెట్టె కదా, నెయ్యి పట్టి ఉందేమో, చురుగ్గా కాలింది.