సోరియాసిస్‌కి ఇంజెక్షన్ మొదలుపెట్టే ముందు: నా అనుభవం

మోచేతుల మీద మొదలైన సోరియాసిస్ తలకీ నడుముకీ పాకాక ఆయింట్‌మెంట్లతో పని కాలేదు. వారానికోసారి వేసుకునే మెథోట్రెక్సేట్ కొన్నాళ్లు బాగానే పనిచేసింది కానీ, లివర్ పరీక్షలు తేడాగా రావడంతో ఆపేశారు. ఇక బయోలాజిక్ (జీవకణాల్లో తయారుచేసే మందు) ఇంజెక్షనే అన్నారు. ఒంట్లో ఇమ్యూనిటీ తగ్గిపోతుందేమోనని ఊళ్లో అమ్మకి టెన్షన్. నాకూ లేకపోలేదు.

బెంగళూరు మారతహళ్లిలో నేను చూపించుకునే స్కిన్ డాక్టరుగారిది కర్నూలు కాబట్టి మొహమాటం లేకుండా తెలుగులోనే అడిగాను, "చర్మం జబ్బుకి ఒంటికంతా ఎక్కే మందు ఎందుకు మేడమ్?" అని. ఆవిడ ప్రిస్క్రిప్షన్ వెనక రక్తనాళం బొమ్మ గీశారు.

టీ కణాలంటే ఒంటికి కాపలా కాసే తెల్ల రక్తకణాలు, అవి రక్తంతో పాటు కొట్టుకుపోతుంటాయి. చర్మంలోకి దిగాలంటే ముందు ఆగాలి కదా. వాపు ఉన్నచోట టీఎన్ఎఫ్ లాంటి సంకేతాలు అందగానే రక్తనాళం లోపలి గోడ మీదికి ఇ-సెలెక్టిన్ అనే ప్రోటీన్ వస్తుంది. చర్మం దారి పట్టే టీ కణాల మీద దానికి సరిపడే చక్కెర గుర్తు, సీఎల్ఏ, ఉంటుంది. గట్టు మీద నడిచేవాడి పంచెకి ఉత్తరేణి గింజలు అంటుకున్నట్టు రెండూ తగులుకుంటాయి. ఆ పట్టు గట్టిది కాదు, కణం గోడ వెంట దొర్లుతూ నెమ్మదిస్తుందంతే. ఈలోగా కీమోకైన్లు అనే రసాయన సంకేతాలు తగిలితే కణం మీది ఎల్ఎఫ్ఏ-1 అనే ప్రోటీన్ రూపం మార్చుకుని, గోడ మీది ఐకామ్-1 అనే ప్రోటీన్‌ని గట్టిగా పట్టేస్తుంది. ఆగిన కణం గోడ సందుల్లోంచి చర్మంలోకి దూరుతుంది. అక్కడ వాపు పెంచే ఐఎల్-17 అనే సంకేతాన్ని వదిలితే, మామూలుగా నెల పట్టే చర్మం పెరుగుదల కొద్ది రోజుల్లోనే అయిపోయి పొలుసులు కడుతుంది. పైపూత మందు ఈ రాకపోకల్ని ఎంతవరకు ఆపగలదు?

"అయితే ఆ అంటుకోవడాన్నే ఆపేస్తే సరిపోతుందిగా?" అన్నాను. ఆ ప్రయత్నమూ జరిగిందట. ఎల్ఎఫ్ఏ-1ని అడ్డుకునే ఎఫాలిజుమాబ్ అనే మందుకి 2003లో అమెరికాలో అనుమతి వచ్చింది. వాడిన కొందరికి పీఎంఎల్ అనే ప్రాణాంతకమైన మెదడు ఇన్‌ఫెక్షన్ రావడంతో 2009లో వెనక్కి తీసుకున్నారు. మెదడుకి కాపలా వెళ్లే కణాలకీ ఆ పట్టే కావాలి మరి. నిజం చెప్పాలంటే, "ఏం కాదు, భయపడకండి" అన్న మాటకంటే నాకు ఈ కథే ఎక్కువ ధైర్యమిచ్చింది. ఏది ఎందుకు ప్రమాదమో తెలిసింది. నాకు రాసిన సెక్యుకినుమాబ్ మాత్రం కణాలు గోడకి అంటుకోవడాన్ని నేరుగా ఆపదు, ఐఎల్-17లో ఒక రకమైన ఐఎల్-17ఎ ఒక్కదాన్నే పట్టుకుంటుంది. మన బెంగళూరు కంపెనీ బయోకాన్ తెచ్చిన ఇటోలిజుమాబ్ దారి ఇంకోటి, అది టీ కణాల మీది సీడీ6 అనే ప్రోటీన్‌ని పట్టుకుంటుంది. దానికి 2013లో మన దేశంలో అనుమతి వచ్చింది.

తర్వాత ఛాతీ ఎక్స్‌రే, టీబీ రక్తపరీక్ష, హెపటైటిస్ బి, సి, హెచ్ఐవీ పరీక్షలు. టీఎన్ఎఫ్‌ని అడ్డుకునే మందులతో నిద్రాణంగా ఉన్న టీబీ లేచే ప్రమాదం ఎక్కువట, నా మందుతో తక్కువే అయినా పరీక్ష తప్పదన్నారు. ఇన్సూరెన్స్ వాళ్లు మాత్రం అడ్మిషన్ లేదు కాబట్టి క్లెయిమ్ లేదనేశారు. దాని గురించి రాస్తే బీపీ పెరుగుతుంది, వదిలేద్దాం.

ఇంజెక్షన్ మొదట్లో వారం వారం, ఇప్పుడు నెలకోసారి. ఇంజెక్షన్ పెన్ను ఫ్రిజ్‌లో పెట్టాలి, గడ్డకట్టనివ్వకూడదు, వేసుకునే ముందు కాసేపు బయట ఉంచాలి. మోచేతులు, నడుము తేరుకున్నాయి, తలలో ఇంకా కొంచెం ఉంది. నోట్లో తెల్లపూత కనిపిస్తే ఫోన్ చేయమన్నారు, ఇంతవరకూ ఆ అవసరం రాలేదు.