ఓడ ఊళ్ళో లేదు

ఫ్రాన్స్‌లో లా రోషెల్ నుంచి రోష్‌ఫోర్‌కి లోకల్ రైల్లో అరగంట. ఆ అరగంటా బావమరిదికి ఎర్మియోన్ అనే తెరచాపల యుద్ధనౌక గొప్పలు చెబుతూనే ఉన్నాను. తీరా షరాంత్ నది ఒడ్డుకెళ్తే ఓడేదీ? చెక్కకి బూజు పట్టిందనీ, 2021 నుంచీ దక్షిణాన బయోన్ ఊరి పక్కన అంగ్లేలో రిపేరులో ఉందనీ టిక్కెట్లమ్మాయి చల్లగా చెప్పింది.

"ముందే చూసుకోవద్దా బావా!" అన్నాడు వీడు. నిజమే, చూసుకోలేదు.

ఆ ఉన్నదీ నకలేలెండి, 1997లో మొదలెట్టి ఏళ్ళ తరబడి కట్టింది. అసలుది ఇక్కడే 1779 ఏప్రిల్ 28న నీళ్ళలోకి దిగింది. మరుసటి ఏడాది, అమెరికా స్వాతంత్ర్య యుద్ధానికి సాయపడిన ఫ్రెంచి సేనాని లాఫయెట్‌ని ఎక్కించుకుని 38 రోజుల్లో బోస్టన్ చేరింది. అమెరికా తీరంలో ఇంగ్లీషు ఓడలతో తలపడింది. ఆఖర్న మన సముద్రాల వైపూ వచ్చి 1784లో క్షేమంగా ఇల్లు చేరింది. సముద్రాలు ఈదినవాడికి పిల్లకాలువ ఒక లెక్కా అంటారు గానీ, దీనికి లెక్కే అయింది. 1793 సెప్టెంబరులో సొంత దేశపు లువార్ నది మొగ దగ్గర, లె క్రువాజిక్ ఎదుట రాళ్ళకి కొట్టుకుని పోయింది. తప్పంతా ఓడకి దారి చూపిన పైలట్‌దని తేల్చి, కెప్టెన్‌ని వదిలేశారు.

పన్నెండు యూరోల సాండ్‌విచ్ నమిలి, కసిగా తాళ్ళ కార్ఖానాకి వెళ్ళాం. పద్నాలుగో లూయీ మంత్రి కొల్బేర్ కాలం నాటిది, పొడవు 374 మీటర్లు. ఓడ తాడుకి నడిమధ్య అతుకు ఉండకూడదు కాబట్టి అంత పొడుగునా లాగి పేనేవారట.

లోపల ఒక పెద్దాయన మూడు పేటలు కొక్కేలకి తగిలించి, మర నా చేతికిచ్చాడు. తిప్పుతుంటే నార బిగిసి సన్నగా కీచుమంది. తాను మూడు గాళ్ళున్న చెక్కముక్కని పేటల మధ్య మెల్లగా జరుపుతూ ఉంటే వెనకాల తాడు పుట్టుకొస్తోంది. ముమ్మిడివరంలో కొబ్బరి పీచు పేనే మా తాతయ్య గుర్తొచ్చాడు. "పురి ఎక్కువెక్కించకురా, మెలికపడిపోద్ది" అనేవాడు. ఇక్కడా అదే అయింది. పెద్దాయన వేలెత్తి ఆపమన్నాడు. భాష రాకపోయినా అర్థమైంది.

జానెడు తాడు కోసిచ్చాడు. బావమరిది దాన్ని సూట్‌కేసు పిడికి కట్టాడు. పారిస్‌లో దిగేసరికి మూడు పేటలూ విడిపోయి వేలాడుతున్నాయి. కొస ముడెయ్యలేదు మరి.