నాన్న ఒకటి చెప్తే నేనొకటి చెప్పాను

రాత్రి పదకొండున్నర. పక్క మీద నుంచి బుడ్డోడు అడిగినదానికి "రేపు చెప్తాలే, పడుకో" అనేసి వచ్చి ఇక్కడ కూర్చున్నాను. రేపు కూడా చెప్పను, నాకు తెలుసు. వాడు మర్చిపోడు, అదీ తెలుసు.

నిజానికి ఇవాళ పులిహోర మీద రాద్దామనుకున్నాను. దాంతోనే మొదలుపెడతాను. ఎటు పోతుందో చూద్దాం.

నాన్న వచ్చి మూడు వారాలైంది కదా. ఫ్రాన్సులోని మా నాంత్‌లో చూపించాల్సినవన్నీ అయిపోయాయి. యంత్రంతో నడిచే ఆ చెక్క ఏనుగుని రెండుసార్లు చూశారు. రెండోసారి అది ఎలా నడుస్తోందో బుడ్డోడికి పాఠం చెప్పారు. రిటైరై పన్నెండేళ్ళు దాటినా ఫిజికల్ సైన్సు మాష్టారు మాష్టారే. "ఏదైనా నది ఉన్న ఊరికి తీసుకెళ్ళవే" అన్నారు మొన్న. ఇంటికి పది నిమిషాల్లో లువార్ ఉంది నాన్నా అంటే, "దాని ఒడ్డంతా కట్టేశారు, గట్టున చతికిలబడదామంటే చోటేదీ?" అన్నారు.

అందుకని ఇవాళ పొద్దున ఒరే బయల్దేరాం.

కంగారుపడకండి, ఊరి పేరే అది. రాసేటప్పుడు ఫ్రెంచివాళ్ళు ఏవేవో అక్షరాలు పెడతారు గానీ పలకడం మాత్రం అచ్చంగా మన "ఒరే". నాన్న కారులో అరగంట నవ్వారు. "అమ్మలూ, ఆ ఊళ్ళో పెద్దా చిన్నా లేదన్నమాట." బుడ్డోడికి ఇంట్లో ఆ మాట అనడానికి పర్మిషన్ లేదు. ఊరి పేరు కాబట్టి 130 కిలోమీటర్లూ అంటూనే ఉన్నాడు. ఈ ప్రాంతపు బ్రెతాన్ భాషలో దాని పేరు ఆన్ ఆల్రే. ఆ బోర్డు కనబడగానే "ఇలా అనొచ్చు కదరా" అన్నాను. వినలేదు.

పార్కింగ్ కోసం మావారు మూడు చుట్లు తిప్పి, చివరికి పై ఊళ్ళో ఎక్కడో పెట్టారు. చూడాల్సిన పాత రేవేమో నది అవతలి ఒడ్డున, బాగా కింద. సాన్ గుస్తాన్ అంటారు. రాళ్ళు పరిచిన దిగుడు వీధి. నాన్న మోకాళ్ళు చూసుకుంటూ దిగాం. ఆయన బాగానే దిగారు, జారింది నేను. కింద రాతి వంతెన, వంతెన దాటితే చిన్న చదరం, దాని చుట్టూ గోడల్లో కర్రదూలాలు బయటికి కనబడే ఇళ్ళు. నాలుగైదు వందల ఏళ్ళ నాటివి, కొన్ని ముందుకి వంగి ఉన్నాయి. పై అంతస్తులవాళ్ళు ఎదురింటివాళ్ళ గుసగుసలు వింటున్నట్టు.

వంతెన మీద నాన్న ఆగిపోయారు. ఆగారంటే నలభై నిమిషాలు.

ఎందుకంటే నదిలో నీళ్ళు లేవు. మధ్యలో సన్నటి పాయ ఒకటి, అంతే. రెండుపక్కలా బూడిదరంగు బురద. అందులో ఒక పక్కకి ఒరిగిన పడవలు, మడుగులో పడుకున్న గేదెల్లా. నాకు ప్రాణం ఉసూరుమంది. ఇంతదూరం తీసుకొచ్చి ఇదా చూపించేది అని "ఫోటోల్లో ఇలా లేదు నాన్నా" అని సంజాయిషీ మొదలుపెట్టాను. ఆయన నా మాట వినట్లేదు. వంతెన కాలు దగ్గర నీళ్ళలో ఒక నాచు ముక్క తేలుతోంది, దాన్నే చూస్తున్నారు. అది మెల్లగా సముద్రం వైపు పోతోంది. పోయి పోయి ఆగింది. ఉన్నచోటే ఓసారి గిర్రున తిరిగింది. అలా ఎంతసేపుందో తెలీదు. తర్వాత వచ్చిన దారినే వెనక్కి, ఊరి వైపు బయల్దేరింది.

"చూశావురా? పాటు అయిపోయింది. పోటు తిరిగింది. సాయంత్రానికి ఆ పడవలన్నీ లేచి కూర్చుంటాయి." బుడ్డోడు ఫోన్లో టైము చూసి గుర్తుపెట్టుకున్నాడు. కోనసీమ మనిషికి నది గురించి నేను సంజాయిషీ ఇవ్వబోయాను!

సరే, ఇక్కడే మధ్యాహ్నం పోయింది. హోటల్ గుమ్మం ఎక్కేసరికి రెండూ పది. లోపల జనం ఇంకా తింటున్నారు. ప్లేట్లు కనబడుతున్నాయి, కాలిన వెన్న వాసన వస్తోంది. గుమ్మంలో ఉన్నావిడ తల అడ్డంగా ఊపింది. వంట కట్టేశారట, రాత్రి ఏడింటికి రమ్మంది. పెద్దాయనకి షుగరండీ, ఒక్క గాలెత్ (ఇక్కడి అట్టు) చాలు అన్నాను. "ఏడింటికి" అంది మళ్ళీ, అదే నవ్వుతో. ఆ నవ్వే నన్ను మండించింది. ఈ దేశంలో పదకొండేళ్ళుగా ఉంటున్నాను, రెండు గంటల సంగతి నాకు తెలీక కాదు. పక్క హోటల్లోనూ అంతే. ఆ పక్కది అసలు తెరవనేలేదు. ఆవిడ తప్పేముంది లెండి, వంటవాడికీ ఆకలేస్తుంది, వాడికీ ఇల్లుంటుంది. ఉంటే ఉండనీ, ఒక్క గాలెత్! పిండి కలిపే ఉంది కదా! పెనం వేడిగానే ఉంది కదా!

అసలు గాలెత్ కోసం నేను పొద్దున్న ఎంత యుద్ధం చేశానో. నాన్న గుడ్డు తినరు. ఈ గాలెత్ పిండిలో ఉండేది బక్‌వీట్ పిండి, నీళ్ళు, ఉప్పు. వీళ్ళు నల్లగోధుమ అంటారు గానీ అది గోధుమ జాతే కాదు. గుడ్డు కలపని హోటల్ ఒకటి వెతికి పెట్టుకుని, "పెసరట్టులా ఉంటుంది నాన్నా, ఇవాళైనా డబ్బా వద్దు" అన్నాను. ఆయన తెల్లారగట్ల లేచి, మావారి సాయంతో, నాకు తెలీకుండా పులిహోర కలిపేశారు. ఇంగువ వాసనకి మెలకువ వచ్చింది. నదీ తీరాన బెంచీ మీద కూర్చుని స్టీలు డబ్బా తెరవడానికా నేను ఇన్నేళ్ళు ఇక్కడుంటోంది అని చిరాకుపడ్డాను.

తెరిచాం. తిన్నాం. "నేను చెప్పలే?" అన్నారు నాన్న. ఒకసారి కాదు, నాలుగుసార్లు. ఐదోసారి మావారు అన్నారు, ఆయనకి విడిగా ఉంది.

ఆ రేవుకి ఫ్రాంక్లిన్ పేరు పెట్టారు. గాలిపటం ఎగరేసిన ఫ్రాంక్లినే. 1776 డిసెంబరులో అమెరికా తరఫున ఫ్రాన్సు సాయం అడగడానికి ఓడలో వచ్చాడు. దిగాల్సింది నాంత్‌లో. గాలి ఎదురు తిరగడంతో ఓడ ముందుకి రాలేక, చేపల పడవ ఎక్కి ఇక్కడ దిగాడు. ఇక్కడి నుంచి బండి మీద మా ఊరికి వెళ్ళాడు. అప్పటికి ఆయనకి 70 ఏళ్ళు. వెంట ఇద్దరు మనవలు, చిన్నవాడికి ఏడు. నాన్నకీ 70, బుడ్డోడికీ ఏడే. ఈ లెక్క తాతామనవళ్ళకి ఎంత నచ్చిందంటే, "పెద్ద మనవణ్ణి ఓడలో మర్చిపోయాం" అని తెగ నవ్వుకున్నారు.

ఆ నవ్వులకే పక్క బెంచీ పెద్దావిడ ఇటు తిరిగింది. ఎనభై దాటి ఉంటాయి. ఒళ్ళో చిన్న కుక్క. ఏం తింటున్నారు, మంచి వాసన వస్తోంది అని అడిగింది. (వాసన గురించి పొద్దున నేనన్న మాటలు మావారు ఇప్పటికి మూడుసార్లు గుర్తుచేశారు.) ఒక చెంచా పెట్టాం. వేరుశనగ గుళ్ళు ఏరుకుని తిని, కారం నీళ్ళతో కడుక్కుంది. మీ నాన్నగారిది ఏ ఊరు అంది. నాన్న "యానాం" అన్నారు. మాది యానాం కాదు, ఇవతలి గట్టు, ముమ్మిడివరం దగ్గర. ఇక్కడికొచ్చినప్పటి నుంచీ ఎవరడిగినా యానామే చెప్తున్నారు, వీళ్ళకి తెలుస్తుందని. ఎవరికీ తెలియట్లేదు. ఆవిడకి "పొందిషెరీ" తెలుసు.

అప్పుడు నాన్న గొంతు సవరించుకుని అన్నారు: "అమ్మలూ, ఆవిడకి చెప్పు. మా అమ్మ పెళ్ళి ఫ్రాన్సులోనే జరిగింది అని."

ఆవిడ నా వైపు చూసింది. నేను ఫ్రెంచిలో ఇలా అన్నాను: "నాన్నకి మీ ఊరు చాలా నచ్చిందట."

ఆవిడ ముఖం విప్పారింది. రెండు చేతులతో నాన్న చేయి పట్టుకుంది. మెర్సీ మెర్సీ అంది. నాన్న నా వైపు తిరిగి, చూశావా అన్నట్టు కనుబొమ్మలు ఎగరేశారు.

మా నాన్నమ్మ పెళ్ళి కథ ఇక్కడ ఎప్పుడూ రాయలేదనుకుంటా. 1936 ప్రాంతం. ఆవిడకి ఎనిమిదేళ్ళు, తాతయ్యకి పదహారు. శారదా చట్టం వచ్చి అప్పటికి ఆరేళ్ళు. పద్నాలుగు నిండని ఆడపిల్లకి పెళ్ళి చేస్తే కేసు. అయితే ఆ చట్టం ఇంగ్లీషువాళ్ళది, గోదావరి దాటితే యానాం ఫ్రెంచివాళ్ళది. దాంతో చుట్టుపక్కల జిల్లాల వాళ్ళు పిల్లల్ని తీసుకుని యానాం వెళ్ళి పెళ్ళిళ్ళు చేసుకొచ్చేవారు. కల్యాణపురం అనేవారట ఆ ఊరిని. తెల్లవారుజామున నాటుపడవలో పెళ్ళివారు, పురోహితుడు, బూరెల బుట్ట, బుట్ట పక్కన నాన్నమ్మ. పడవలోనే రెండు బూరెలు తినేసిందట. పందిట్లో ఇంకో రెండు జంటలున్నాయట. తలంబ్రాల వేళకి నిద్రపోయింది, వాళ్ళ మేనత్త గిల్లి లేపింది. పెళ్ళికొడుకు ఎలా ఉన్నాడో గుర్తులేదు గానీ, రేవులో నిలబడ్డ జవాను ఎర్రటోపీ మాత్రం ఆఖరి రోజుల్లో కూడా వర్ణించి చెప్పేది. ఆ టోపీ చూసి పోలీసు పట్టుకుపోతాడని ఏడ్చిందట. వాళ్ళ నాన్న ఎత్తుకుని, "ఈ టోపీవాడు పట్టుకోడమ్మా, పట్టుకునేవాడు అవతలి గట్టున ఉన్నాడు" అన్నాడట.

ఆ తర్వాత జీవితాంతం ఆవిడకి అదొక హోదా. తోడికోడళ్ళెవరైనా ఎక్కువ మాట్లాడితే "నా పెళ్ళి ఫ్రాన్సులో అయింది, తెలుసా" అనేది. నేను ఇక్కడికి వచ్చే ముందు దణ్ణం పెట్టుకోవడానికి వెళ్తే, "వెళ్ళిరా. నేను ముందే వెళ్ళొచ్చాగా, భయం లేదు" అంది. నాన్న పుట్టేనాటికి యానాంలో ఫ్రెంచివాళ్ళు లేరు, 1954లోనే వెళ్ళిపోయారు. ఆయన ఆ ఎర్రటోపీని చూడనుకూడా లేదు. ఉన్నదల్లా ఈ ఒక్క వాక్యం.

దాన్ని నేను మింగేశాను.

ఎందుకు అంటే, కారెక్కేదాకా నాకు నేను చెప్పుకున్నది, నాన్నవి గొప్పలు, యానాం ఫ్రాన్సేంటి, ఆవిడకి విడమరిచి చెప్పడానికి అరగంట పడుతుంది అని. ఇప్పుడు రాస్తుంటే అది నిలబడట్లేదు. ఫ్రాన్సులో ఎలా జరిగింది అని ఆవిడ అడుగుతుంది. నేను చెప్పాలి. ఎన్నేళ్ళకి అంటుంది. ఎనిమిది అనాలి. పులిహోర తిని మెచ్చుకున్న మనిషి ముఖం అక్కడ మారడం చూడలేననుకున్నాను. మారితే మారనీ, ఆ పెళ్ళికి చోటిచ్చిన చట్టం మీదేనండీ అనొచ్చు కదా? అదీ అనలేను. కుక్కని ఒళ్ళో పెట్టుకున్న ముసలావిడతో అనే మాటా అది? ఇంతకీ నాన్నమ్మ నవ్వుతూ చెప్పిన కథకి నేనెందుకు సిగ్గుపడాలి? ఎత్తుకుని ఊరుకోబెట్టాల్సినంత చిన్నపిల్ల, పడవలో, తెల్లవారుజామున... చిన్నప్పుడు ఈ కథలో నాకు బూరెలే కనబడేవి.

ఒరే గురించి మిగతాది గబగబా రాసేస్తాను. 1364లో ఇక్కడ పెద్ద యుద్ధం జరిగింది, అందులో చచ్చిపోయినాయన పేరు షార్ల్ ద బ్లువా అని బోర్డులో చదివాను. బేకరీలో క్విన్యమాన్ కొన్నాం. వెన్న, చక్కెర పొరలు పొరలుగా మడిచి కాల్చింది. నాన్న ఒక ముక్క విరిచి పొరలు లెక్కపెట్టి "తాపేశ్వరం వాళ్ళకి ఇక్కడ బంధువులున్నారే" అన్నారు. సాయంత్రం ఆరింటికి రేవు నిండా నీళ్ళు. పడవలన్నీ లేచి కూర్చున్నాయి. బుడ్డోడు ఫోన్లో టైము చూసి, ఐదు గంటలు తాతయ్యా అని అరిచాడు. ఆ నీళ్ళలో వంగిన ఇళ్ళు తిన్నగా కనబడ్డాయి. బాగుంది.

తిరుగుప్రయాణంలో నాన్న వెనకసీట్లో బుడ్డోడితో, "ఆ మామ్మగారు ఎంత సంతోషించిందో చూశావా? ముత్తవ్వ పెళ్ళి వాళ్ళ దేశంలో అయిందని తెలిసి చెయ్యి వదల్లేదు" అన్నారు. బుడ్డోడు ఏమీ అనలేదు. అద్దంలో నా వైపు చూశాడు. వాడికి నాకంటే బాగా వచ్చు ఫ్రెంచి.

పక్క మీద అడిగింది అదే: "అమ్మా, తాతయ్య చెప్పింది నువ్వు చెప్పలేదుగా?"

పక్కగదిలో లైటు ఇంకా ఉంది. నాన్న పెద్దత్తయ్యకి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెడుతున్నారు. "...మన అమ్మ పెళ్ళి సంగతి చెప్పించానే, ఆ దొరసానమ్మకి కళ్ళమ్మట నీళ్ళు ఒక్కటే తక్కువ..." మధ్యలో వేలు జారినట్టుంది. మళ్ళీ మొదట్నుంచీ చెప్తున్నారు.